లాక్ నెస్ జంతువుని అసలు ఎవరు చూశారు? (మా వాడి ప్రశ్న)

గంటస్తంభం రాజు · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా వాడు ఆరో తరగతి పాసయ్యాడు. సెలవులు కదా, యూట్యూబ్ వదలడం లేదు. నిన్న అన్నం తింటూ "నాన్నా, స్కాట్లాండ్‌లో లాక్ నెస్ అనే చెరువులో డైనోసార్ ఉందట, మన పెద్ద చెరువులో కూడా ఉంటుందా?" అన్నాడు. గుర్రపుడెక్క తప్ప అందులో ఏముందిరా అన్నాను. "ఎవరూ చూడకపోతే లేనట్టేనా?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ నన్ను గట్టు దిగనిచ్చేది కాదు. "దిగితే కాలట్టుకుని లాగేస్తాది" అనేది. ఏది లాగేస్తుందో చెప్పేది కాదు. గుచ్చి అడిగితే "అదే" అనేది. ఆ "అదే"కి ఇప్పటికీ నా మనసులో ఒక ఆకారం లేదు. స్కాట్లాండ్ వాళ్ళకి మాత్రం మెడ, మూపు, తోకతో సహా ఉంది. అదెలా వచ్చింది? ముందుగా చూసిందెవరు, చివరికి తేలిందేమిటి? తెలిసినవాళ్ళు రాయండి. దయచేసి కొట్టుకోకండి.

అంతా మాయ · రాత్రి 9:20

టూరిజం బిజినెస్ బ్రదర్. ఇంకేం లేదు. థ్రెడ్ క్లోజ్ చేసేయొచ్చు.

పొందూరు మాస్టారు · రాత్రి 10:05

తలుపు తీసి పది నిమిషాలు కాలేదు, అప్పుడే గడియ పెట్టేస్తారేమిటి బాబూ. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాడిని, నన్ను కాస్త మాట్లాడనివ్వండి.

రాజు గారూ, వీడియోలన్నీ "పదిహేను వందల ఏళ్ళుగా కనిపిస్తోంది" అని మొదలవుతాయి. ఆ లెక్క సెయింట్ కొలంబా అనే క్రైస్తవ సాధువు కథది. క్రీ.శ. 565 ప్రాంతంలో ఆయన అటు వెళ్ళినప్పుడు, అప్పటికే ఒకణ్ణి చంపిన నీటి జంతువు ఈదుతున్న మరొకడి మీదకి వచ్చిందట. ఆయన శిలువ గుర్తు వేసి వెనక్కి పొమ్మన్నారట. తాళ్ళు కట్టి లాగినట్టు అది వెనక్కి పోయిందట. ఇది రాసిన అడామ్నాన్ అనే మఠాధిపతి కొలంబా పోయిన సుమారు నూరేళ్ళకి రాశాడు. పైగా జరిగింది సరస్సులో కాదు, అందులోంచి సముద్రానికి పారే నెస్ నదిలో. మహనీయుల చరిత్రల్లో ఇలాంటివి ఎక్కడైనా ఉంటాయి. గజేంద్ర మోక్షం చదివి త్రికూట పర్వతం దగ్గర మొసళ్ళ లెక్క తీయలేం కదా.

ఆ తరువాత 1933 దాకా చెప్పుకోదగ్గది దాదాపు ఏమీ లేదు. "1870ల్లోనే ఒకాయన చూశాడు" అంటారు. నిజమే, కానీ ఆయన ఆ సంగతి ఉత్తరంలో రాసింది 1934లో! ఊళ్ళో పులి వచ్చిందని పుకారు లేచాక "నేను చిన్నప్పుడే చూశాను" అనే తాత ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆయన అబద్ధం ఆడుతున్నాడని కాదు. ఏనాటిదో ఒక జ్ఞాపకానికి ఆ రోజు పేరు దొరికింది, అంతే.

అసలు కథ 1933 ఏప్రిల్‌లో మొదలైంది. డ్రమ్‌నడ్రోకిట్ అనే ఊళ్ళో హోటల్ నడిపే మకై దంపతులు కారులో పోతుంటే నీళ్ళు అల్లకల్లోలమై తిమింగలం లాంటి ఒళ్ళొకటి దొర్లి మునిగింది. మే 2న ఇన్వర్నెస్ కొరియర్ పత్రికలో అచ్చయింది. రాసింది ఆ సరస్సు మీద కాపలా ఉద్యోగం చేస్తూ వార్తలు పంపే అలెక్స్ క్యాంప్‌బెల్. దానికి "మాన్‌స్టర్" అని పేరు పడింది అక్కడే.

ఇక్కడ ఒక్కటి గమనించండి. ఈ వార్తలో మెడ లేదు.

అంతా మాయ · రాత్రి 10:11

చూసింది హోటల్ వాళ్ళు. నేనింకేం చెప్పక్కర్లేదు 😄

పొందూరు మాస్టారు · రాత్రి 10:30

మీరు అదే పట్టుకుంటారని తెలుసు. సరే, ఒప్పుకుంటాను, అనుమానించాల్సిందే. కానీ ఆ ఏడే సరస్సు ఉత్తరపు ఒడ్డున కొత్త రోడ్డు పడింది. రాళ్ళు పేల్చారు, చెట్లు కొట్టారు. అంతకుముందు ఆకుల చాటున ఉన్న నీళ్ళు కార్లలో పోయేవాళ్ళ కళ్ళబడ్డాయి. చూసే కళ్ళు పెరిగితే కనిపించేవీ పెరుగుతాయి.

ఇక మెడ. అది జులై 22న వచ్చింది. లండన్ నుంచి వచ్చిన స్పైసర్ దంపతులకి కారు ముందు పొడుగు మెడతో ఏదో రోడ్డు దాటుతూ కనిపించింది. ఆ వసంతంలోనే లండన్‌లో కింగ్ కాంగ్ సినిమా ఆడింది. అందులో సరస్సులోంచి పొడుగు మెడ డైనోసార్ లేస్తుంది. నేను ఇంతవరకే చెబుతాను, మిగతాది మీ ఇష్టం.

ఉద్దానం వెల్డర్ · రాత్రి 11:48

మాస్టారూ దండాలు. మాది కవిటి వైపు. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో షట్‌డౌన్ పనికి వచ్చి ఏడాదిన్నర అయింది. మా ఉద్దానం కుర్రోళ్ళు లేని దేశం ఉందేటి!

సెలవు రోజు నలుగురం కలిసి ఇన్వర్నెస్ పోయి, అక్కడి నుంచి బస్సులో ఆ సరస్సుకి వెళ్ళాం. ముందు పేరు సంగతి. లోచ్ కాదు, లాక్ కూడా కాదు. చివర్లో గొంతులోంచి "ఖ్" అనాలి. మా కంపెనీలో ఇంగ్లండ్ వాళ్ళకి రాదు, మేం ఒక్క రోజులో నేర్చేసుకున్నాం. ఇక్కడ మాత్రం అందరికీ అలవాటైన లాక్ నెస్ అనే రాస్తాను.

చెరువు అనుకుని వెళ్ళకండి. పొడుగు సుమారు 37 కిలోమీటర్లు. విజయనగరంలో మొదలైతే చీపురుపల్లి దాటినా నీళ్ళే అనుకోండి. వెడల్పు మాత్రం చాలాచోట్ల మైలుకి కాస్త అటూ ఇటూ. లోతు 230 మీటర్లు. పదిహేను తాడిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా మొవ్వు బయటికి రాదేమో. ఇంగ్లండ్, వేల్స్ చెరువులన్నీ కలిపినా ఇందులో ఉన్నన్ని మంచినీళ్ళు లేవని గైడ్ చెప్పాడు.

అర్కార్ట్ కోట అని ఒడ్డున పడిపోయిన కోట ఉంది. దాని కింద గులకరాళ్ళ మీద కూర్చుని దోసిలితో నీళ్ళు ఎత్తాను. చెయ్యి జివ్వుమంది. అరచేతిలో నీళ్ళు అచ్చం టీ డికాషన్ రంగు. మురికి కాదు. చుట్టూ కొండల మీద వేల ఏళ్ళుగా కుళ్ళిన నాచు, గడ్డి పేరుకుని ఉంటుంది, పీట్ అంటారు. వానకి అది కడుక్కుని వస్తుంది. మోకాలి లోతు నీళ్ళలో నా బూటు ముక్కు మసకగా కనిపించింది. పడవలోంచి తొంగిచూస్తే నల్లగా ఉంది, అంతే. అక్కడ కూర్చున్న అరగంటలో నాకే రెండుసార్లు ఏదో కదిలినట్టు అనిపించింది. ఒకటి కెరటం. రెండోది ఏటో నాకు తెలీదు. పక్కనోడికి చెబితే నవ్వుతాడని చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి చెప్పడం.

బొబ్బిలి బుల్లెట్ · ఆదివారం ఉదయం 6:40

శభాష్ తమ్ముడూ! ఇదే నేను అడిగేది. ఆ సరస్సు రిజిస్టర్‌లో 1,100కి పైగా రిపోర్టులు ఉన్నాయి. వీళ్ళంతా అబద్ధాలకోర్లా? 1960లో టిమ్ డిన్స్‌డేల్ అనే ఆయన అక్కడ నీళ్ళలో కదులుతున్న దాన్ని ఫిల్ము తీశాడు, ఆరేళ్ళ తరువాత బ్రిటన్ వైమానిక దళం నిపుణులు చూసి అది బహుశా ప్రాణం ఉన్నదే అన్నారు. 1952లో జాన్ కాబ్ అనే స్పీడ్ బోటు వీరుడు గంటకి 200 మైళ్ళు దాటిన వేగంలో ఆ నీళ్ళ మీద దేన్నో తగిలి చనిపోయాడు. ఎదురుగా ఏ పడవా లేదు. దేన్ని తగిలాడు?

భావనపాడు బోటు · ఉదయం 7:25

కెరటాన్ని తగిలాడు అన్నా. పడవే ఉండక్కర్లేదు, పడవ వెళ్ళిపోయాక దాని కెరటం ఉంటే చాలు. సన్నగా, పొడుగ్గా, రెండువైపులా గోడల్లాంటి ఒడ్డు ఉన్న నీళ్ళలో కెరటం ఒక ఒడ్డుకి కొట్టుకుని వెనక్కి వస్తుంది. అవతలి నుంచి వచ్చిన దాన్ని కలుస్తుంది. అప్పటికి పడవ కనుచూపు మేరలో ఉండదు. నున్నటి నీళ్ళ మధ్య మూడు నల్లటి మూపులు లేచి నడుస్తాయి. నేను సముద్రం వాడిని, నాకే బెదురు పుడుతుంది.

డిన్స్‌డేల్ ఫిల్ము కూడా పడవేనని ఆ తరువాత చూసినవాళ్ళు చాలామంది అన్నారు.

సోనార్ అంటే నీళ్ళలోకి శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే తీరుని బట్టి అడుగున ఏముందో చూపే యంత్రం. దాని గురించి నాకు తెలిసింది చెబుతాను, మా బోటుకీ ఉంది. 1987 అక్టోబరులో 24 పడవలు వరసకట్టి, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తెర లాగినట్టు సోనార్ లాగుతూ వెళ్ళాయి. ఆపరేషన్ డీప్‌స్కాన్ అన్నారు. లోతులో మూడు చోట్ల ఏవో గట్టిగా తగిలాయి, అవేమిటో తేలలేదు. పేపర్లు వాటినే రాశాయి. కానీ తెర మీద పడిన మచ్చ చేప అనుకుని వల వేసి ఖాళీగా వచ్చిన రోజులు మాకెన్ని ఉన్నాయో! పైన వెచ్చని నీళ్ళు, కింద చల్లని నీళ్ళు కలిసేచోట కూడా గీత పడుతుంది. 2003లో బీబీసీ వాళ్ళు 600 సోనార్ కిరణాలతో మొత్తం వెతికించారు. ఏమీ లేదు.

ఒకటి మాత్రం దొరికింది, అది చెప్పకపోతే పాపం. 2016లో నీటి అడుగున తిరిగే రోబో పంపితే మెడతో సహా సుమారు 9 మీటర్ల భూతం కనిపించింది. 1969లో షెర్లాక్ హోమ్స్ సినిమా షూటింగ్‌కి తయారుచేసిన బొమ్మ! దాని మూపులు డైరెక్టర్‌కి నచ్చక పీకించేశారు. మూపులు పోయాక తేలడం మానేసి మునిగిపోయింది.

గంటస్తంభం రాజు · ఉదయం 7:50

మా వాడికి ఇది చదివి వినిపిస్తే మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతున్నాడు. "అయితే ఒకటి ఉంది కదా నాన్నా" అంటున్నాడు.

నాగావళి నీలిమ · ఉదయం 9:15

జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి నా వంతు.

బుల్లెట్ గారూ, ప్లీసియోసార్ అనే పొడుగు మెడ సరీసృపాలు పోయి 6.6 కోట్ల ఏళ్ళు. లాక్ నెస్ అయితే సుమారు 10,000 ఏళ్ళ కిందటిదాకా మంచుగడ్డ. అందులోకి ఎప్పుడు, ఎలా వచ్చింది? ఒక్కటే అయితే ఇన్నాళ్ళు బతకదు, కాబట్టి గుంపు ఉండాలి, పిల్లలు పెట్టాలి. ఊపిరితిత్తులున్న జంతువు రోజూ పైకి రావాలి. గుంపంతా రోజూ పైకి వస్తే, ఏడాదికి పది మందికి కాదు, బస్సులో వెళ్ళిన ప్రతివాళ్ళకీ కనిపించాలి. అడుగున నీళ్ళు ఏడాదంతా 5, 6 డిగ్రీలే. చేపలు కూడా అంతంతమాత్రం.

2018లో న్యూజిలాండ్ ఒటాగో యూనివర్సిటీ ప్రొఫెసర్ నీల్ గెమెల్ బృందం వేరే దారిలో వెళ్ళింది. జంతువుని వెతకలేదు, నీళ్ళు పట్టుకున్నారు. ఏ ప్రాణి ఈదినా చర్మం, పొలుసు, మలమూత్రాల రూపంలో డీఎన్ఏ వదులుతుంది. పైనా, లోతులోనా కలిపి 250 దాకా శాంపిల్స్ తీశారు. 2019 సెప్టెంబరులో ఫలితం చెప్పారు. సరీసృపం జాడే లేదు. మనిషి, కుక్క, ఆవు, జింక అన్నీ ఉన్నాయి. అన్నిటికంటే ఆశ్చర్యం ఈల్ చేప. ఎక్కడ ముంచినా దాని డీఎన్ఏ వచ్చింది. మన మలుగుపాము చుట్టమే అనుకోండి.

బొబ్బిలి బుల్లెట్ · ఉదయం 9:22

అయితే పేద్ద మలుగు అయి ఉంటుంది. నేను రాజీకి సిద్ధం.

నాగావళి నీలిమ · ఉదయం 9:31

రాజీ నాతో కాదండీ, మలుగుతో కుదుర్చుకోవాలి 🙂 ఎంత పెద్దదో డీఎన్ఏ చెప్పదు, ఆ మాట గెమెలే అన్నారు. కానీ యూరప్ ఈల్ బాగా ఎదిగితే మీటరు, ఎక్కడో ఒకటి మీటరున్నర. మూపులు రావు. అది పక్కలకి వంకర్లు తిరుగుతూ ఈదుతుంది, పైకీ కిందకీ కాదు.

తంపర పిట్టలు · ఉదయం 10:02

నాకు సైన్సు అంత రాదు, పక్షులు చూస్తూ తిరుగుతాను. ఒక సంగతి రాస్తాను.

తేలినీలాపురంలో గూడబాతులు చూసి, మర్నాడు తెల్లవారకుండానే నౌపడా తంపర గట్టు మీదకి వెళ్ళాను. మంచు దట్టంగా ఉంది. అవతలి ఒడ్డు లేదు, ఆకాశం లేదు, అంతా పాల రంగు. ఆ తెలుపులోంచి నల్లటి మెడ ఒకటి లేచింది. ఒళ్ళు లేదు. మెడ, సన్నటి తల, అంతే. నిటారుగా నిలబడి అటూ ఇటూ తిరిగి చూసింది. తరువాత చప్పుడు లేకుండా నిలువునా దిగిపోయింది. కాసేపటికి ఇంకెక్కడో లేచింది. నా చేతిలో బైనాక్యులర్ ఉంది, కళ్ళకి పెట్టుకోవడం మర్చిపోయాను. నిజం చెబుతున్నా, అది తాటిచెట్టంత దూరంలో ఉందో, అర కిలోమీటరు దూరంలో ఉందో తెలియలేదు. దూరం తెలియకపోతే ఎంత ఉందో తెలియదు. అర కిలోమీటరు అనుకుంటే అది ఏనుగు.

తరువాత ఒక మొద్దు మీదకెక్కి రెక్కలు చాపి ఆరబెట్టుకుంది. స్నేక్ బర్డ్! ఒళ్ళంతా నీళ్ళలో ముంచేసి మెడ ఒక్కటే బయటపెట్టి ఈదే పక్షి. అంతకుముందు దాన్ని కనీసం వందసార్లు చూసి ఉంటాను. అది మొద్దెక్కకుండా మంచులోనే వెళ్ళిపోయి ఉంటే ఈరోజు నేను బుల్లెట్ గారి పక్షాన రాసేవాణ్ణి.

పొందూరు మాస్టారు · ఉదయం 11:10

పిట్టల గారూ, ఎంత చక్కగా చెప్పారండీ. ఆ దూరం తెలియకపోవడమే ప్రపంచంలోకెల్లా పేరున్న ఫోటోకి ప్రాణం.

మార్మడ్యూక్ వెదరెల్ అనే వేటగాడిని డైలీ మెయిల్ పత్రిక 1933 డిసెంబరులో పంపింది. వెళ్ళిన కొద్దిరోజులకే ఒడ్డున అడుగుజాడలు దొరికాయన్నాడు. లండన్ మ్యూజియం వాళ్ళు చూసి అన్నీ ఒకే కాలివి, అదీ ఎండబెట్టిన నీటిగుర్రం కాలిదని తేల్చారు. అప్పట్లో దొరల ఇళ్ళలో గొడుగులు పెట్టుకోవడానికి అలాంటి కాళ్ళు ఉండేవి. మనిషి నవ్వులపాలయ్యాడు. మరుసటి ఏడాది 1934 ఏప్రిల్ 21న అదే పత్రికలో నీళ్ళలోంచి వంపు తిరిగిన మెడ ఫోటో వచ్చింది. ఇచ్చింది రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు. తన పేరు వెయ్యొద్దన్నాడు కాబట్టి అది "సర్జన్ ఫోటో" అయింది. డాక్టరు గారు అబద్ధం ఆడతారా అని లోకం అరవై ఏళ్ళు నమ్మింది. వెదరెల్ సవతి కొడుకు క్రిస్టియన్ స్పర్లింగ్ ముసలితనంలో గుట్టు విప్పాడు, 1994లో అది బయటికొచ్చింది. దుకాణంలో కొన్న బొమ్మ సబ్‌మెరైన్ మీద అడుగు ఎత్తున మెడ అతికించారట. కత్తిరించని అసలు ఫోటో చూడండి. నీళ్ళ మీద అలలు పెద్దగా, మెడ చిన్నగా కనిపిస్తుంది. పత్రికలో అలలు కత్తిరించి మెడనే పెద్దది చేశారు. పిట్టల గారి మంచు చేసిన పనే అక్కడ కత్తెర చేసింది.

బుల్లెట్ గారూ, 1,100 మంది అబద్ధాలకోర్లు కారు. దొంగలు పట్టుమని పది మంది ఉంటారు. 2003లో ఆ బీబీసీ వాళ్ళే ఒక తమాషా చేశారు. నీళ్ళలో కంచె గుంజ దాచి, టూరిస్టు బస్సు రాగానే పైకి లేపారు. ఏం చూశారో బొమ్మ వెయ్యమంటే చాలామంది గుంజే వేశారు. కొందరు మాత్రం దానికి భూతం తల పెట్టారు. వాళ్ళు అబద్ధం ఆడలేదు. తల వాళ్ళు బస్సెక్కకముందే వాళ్ళ దగ్గర ఉంది. రాజు గారి నాయనమ్మ దగ్గర సినిమా, పత్రిక లేవు కాబట్టి ఆవిడ "అదే" అని ఊరుకుంది.

అంతా మాయ · మధ్యాహ్నం 12:04

మాస్టారూ, పెద్ద పేరున్న సైంటిస్టులు కూడా పడిపోయారు, అది వదిలేశారు. 1975లో నీటి అడుగున తీసిన ఫోటోలు చూసి సర్ పీటర్ స్కాట్, రాబర్ట్ రైన్స్ దానికి "నెస్సిటెరాస్ రాంబాప్టెరిక్స్" అని శాస్త్రీయ నామం పెట్టి నేచర్ అనే సైన్సు పత్రికలో వేశారు. ఆ ఇంగ్లిషు అక్షరాలు అటూ ఇటూ మారిస్తే "ఇది సర్ పీటర్ ఎస్ చేసిన మోసం" అని వస్తుందని ఒకాయన కనిపెట్టాడు. రైన్స్ కూడా తక్కువ తినలేదు. అవే అక్షరాలతో "అవును, రెండూ భూతం ఫోటోలే" అని తిప్పికొట్టాడు.

బొబ్బిలి బుల్లెట్ · మధ్యాహ్నం 12:15

మాయ గారికి ఇంత తెలుసంటే రాత్రంతా చదివినట్టున్నారు. థ్రెడ్ క్లోజ్ చెయ్యమన్నది మీరే కదా 😄

ఉద్దానం వెల్డర్ · మధ్యాహ్నం 3:30

ఒక్క స్కాట్లాండ్ అనుకోకండి. మాతో పనిచేసే స్వీడన్ ఆయన వాళ్ళకీ ఒకటుందన్నాడు. స్టోర్‌షోన్ అనే సరస్సు. 1894లోనే దాన్ని పట్టడానికి కంపెనీ పెట్టి బోనులు చేయించారట. 1986లో దాన్ని చంపకూడదని, గుడ్లు ముట్టకూడదని ప్రభుత్వం ఆర్డరు వేసింది. 2005లో ఎత్తేశారు. లేని దాని గుడ్లకి కాపలా! మన దగ్గర ఉన్న తాబేళ్ళ గుడ్లని కాపాడుకోలేక చస్తున్నాం.

నీలిమప్పా, నాకు రెండోసారి కనిపించింది మలుగు అయి ఉంటుందా?

నాగావళి నీలిమ · మధ్యాహ్నం 3:52

తెలీదు తమ్ముడూ. సీల్ కావచ్చు, అప్పుడప్పుడు నదిలోంచి ఎక్కి వస్తాయి. దుంగ కావచ్చు. నువ్వు చూసింది నువ్వే చూశావు.

గంటస్తంభం రాజు · సోమవారం ఉదయం 6:58

అందరికీ పేరుపేరునా థాంక్స్. మా వాడు ఊరుకోక ఇవాళ అయిదున్నరకే లేపి పెద్ద చెరువు గట్టుకి లాక్కొచ్చాడు. మంచు లేదు గానీ ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. గుర్రపుడెక్క పక్కన మూడు నల్లటి మూపులు, వరసగా, నెమ్మదిగా కదులుతున్నాయి. మూడోదాని వెనక నీళ్ళు చీలుతున్నాయి. వాడు నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్ళు దిగాయి. నాయనమ్మ "అదే" గుర్తొచ్చి నాకూ వెన్ను జలదరించింది, దాచుకోవడం ఎందుకు.

అంతలో మొదటి మూపు చెవి ఆడించింది. గేదెలు.

ఫోటో తీశాను. మా వాడు ఫోన్ లాక్కుని ఆ చెవి లేకుండా కట్ చేసి స్కూల్ గ్రూపులో పెడతానంటున్నాడు. ఇక్కడ పెట్టమంటారా?

పొందూరు మాస్టారు · ఉదయం 7:10

పెట్టండి. కత్తిరించనిది.